నీటి వాటాలు తేలాయి – నీటి శుభ్రత మాటేమిటి?

గోదావరిలో మన వాటా ఎంత? ఈ ప్రశ్నకు మన జిల్లాల్లో హోటలు బెంచీ మీద చాయ్ తాగేవారు కూడా తడుముకోకుండా జవాబు చెప్పగలరు. శ్రీరాంసాగర్‌లో నేడు ఎన్ని అడుగుల నీరున్నది, ఎన్ని గేట్లు ఎత్తారు, కాకతీయ కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారు అన్న సంగతులు వానకాలమంతా పత్రికల్లో వస్తూనే ఉంటాయి. కాని ఆ నీరు ఎట్లాంటిది? అందులో కరిగివున్న ప్రాణవాయువెంత, భాస్వరమెంత, మురుగెంత? ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. అడిగినా జవాబు చెప్పేవారు మరీ తక్కువ.

నీరు ఎంత అన్నదాని మీద రాష్ట్రాలు కొట్లాడుకున్నాయి, ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి, సుప్రీంకోర్టు తీర్పులు వెలువడ్డాయి. నీరు ఎట్లాంటిది అన్నదాని మీద మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఇద్దరు పాలివాళ్లు ఒకే బావిని పంచుకున్నారనుకోండి. ఎవరికి ఎన్ని గంటలు మోట అన్న లెక్క తేలింది, బావిలో చెత్త పడకుండ చూసేదెవరన్నది తేలలేదు. ఆ బావినీళ్లు ఎన్నాళ్లు తాగగలరు? ఉమ్మడి జలాశయాలన్నిటి కథ ఇదే. ఈ విషయాన్ని మన గోదావరికి అన్వయించి, విద్యార్థి మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశము.

గొలుసుకట్టు చెప్పే పాఠం

ఉమ్మడి నీటి సంగతి మనకు కొత్త కాదు. కాకతీయుల కాలం నుండి మన ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై ఊరి చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు వాగుబట్టి కింది ఊరి చెరువుకు చేరుతుంది. అది నిండితే ఇంకొక ఊరికి. అందుచేత ప్రతి ఊరూ ఒకరికి దిగువనే, మరొకరికి ఎగువనే. పై ఊరివాళ్లు తూము మూస్తే కింది ఊరివాళ్లకు నీళ్లు రావు. పై ఊరివాళ్లు చెరువును పాడుచేస్తే కింది ఊరివాళ్లకు పాడైన నీళ్లే వస్తాయి. మొదటి నష్టం ఆ రోజే కళ్లకు కనిపిస్తుంది, కనుక తగాదా అవుతుంది. రెండవది ఏండ్ల తరబడి మెల్లమెల్లగా జరుగుతుంది, కనుక దానిపై పంచాయితీ జరగదు. పెద్ద జలాశయాల విషయంలో కూడా సరిగ్గా ఇదే తేడా పనిచేస్తున్నది.

మన ఉమ్మడి సరస్సు

మన ప్రాంతంలో దేశాల నడుమ పంచుకున్న సరస్సులు లేవు. కాని రాష్ట్రాల నడుమ పంచుకున్న మహా జలాశయం ఉన్నది. అదే పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్. 1963 జులై 26న నాటి ప్రధాని నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. దీనిలోకి 91 వేల చదరపు కిలోమీటర్లకు మించిన ప్రాంతం నుండి నీరు చేరుతుంది. అందులో అత్యధిక భాగం మహారాష్ట్రలోనిది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి పైఠాన్, నాందేడ్ మీదుగా వచ్చి కందకుర్తి వద్ద మన గడ్డ మీద అడుగుపెడుతుంది. బాలాఘాట్ కొండల్లో పుట్టి కర్ణాటకను కూడా చుట్టివచ్చిన మంజీర అక్కడే దానిలో కలుస్తుంది. అక్కడికి కొద్ది దూరంలోనే బాసర. అంటే, బాసరలో స్నానం చేసే యాత్రికుని దోసిట్లో మూడు రాష్ట్రాల నీళ్లుంటాయన్నమాట.

ఈ జలాశయం నుండి సరస్వతి కాలువ నిర్మల్ వైపు, లక్ష్మి కాలువ నిజామాబాద్ వైపు పోతాయి. కాకతీయ కాలువ జగిత్యాల ప్రాంతం మీదుగా కరీంనగర్ పక్కన ఉన్న దిగువ మానేరు డ్యాంను చేరి, అక్కడి నుండి వరంగల్ వైపు సాగుతుంది. కరీంనగర్ పట్టణం తాగేది దిగువ మానేరు నీరు. 2016 తరువాత మిషన్ భగీరథ పథకం కింద వేలాది పల్లెలకు గొట్టాల ద్వారా నీరందుతున్నది. మన ఉత్తర జిల్లాల్లో ఆ నీటిలో అధిక భాగం గోదావరి, మానేరు జలాశయాలదే. ఎల్లంపల్లి నుండి హైదరాబాదుకు కూడా గోదావరి నీరు పోతున్నది. ఒకనాడు ఈ నీరు చెడితే పంట చెడేది. నేడు ఈ నీరు చెడితే మన ఇంట్లో బిందె చెడుతుంది. విషయం అంత దగ్గరికి వచ్చింది.

మరొక లెక్క కూడ గమనించదగినది. కట్టిన నాడు శ్రీరాంసాగర్ నిల్వ సామర్థ్యం 112 టీఎంసీలు. 1 టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 1994 సర్వేలో ఆ సామర్థ్యం సుమారు 90 టీఎంసీలని తేలింది. ఇటీవలి లెక్కల్లో 80.5 టీఎంసీలనే నిండు నిల్వగా చూపుతున్నారు. తక్కిన జాగా అంతా పూడిక. ఈ పూడిక వట్టి మన్ను కాదు. దానితోపాటు వచ్చే సరుకేమిటో చూద్దాం.

నీరు ఎట్లా చెడుతుంది?

సరస్సు చెడడమంటే ఎవరో విషం కలపడమే కానక్కరలేదు. ఎక్కువ తిండి పెట్టినా సరస్సు చెడుతుంది. నీటిలోని నాచుకు ఎరువులు కావాలి. అందులో ముఖ్యమైనవి నత్రజని, భాస్వరం. మంచినీటి సరస్సుల్లో సాధారణంగా కొరతగా ఉండేది భాస్వరం. ఆ కొరతే నాచుకు కళ్లెం. మురుగునీరు, బట్టల సబ్బుల పొడులు, పొలాల ఎరువులు ఆ కొరత తీర్చిన నాడు కళ్లెం తెగుతుంది.

ఈ సంగతిని 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడు కళ్లకు కట్టినట్లు నిరూపించాడు. ఆంటేరియోలో 226 అని నంబరు మాత్రమే ఉన్న ఒక చిన్న సరస్సును నడుమ ఒక ప్లాస్టిక్ తెరతో రెండు భాగాలు చేశారు. ఒకవైపు కర్బనం, నత్రజని వేశారు. రెండవవైపు వాటితోపాటు భాస్వరం కూడా వేశారు. కొద్ది వారాల్లోనే భాస్వరం వేసిన సగం పచ్చగా నాచుతో నిండిపోయింది. తక్కిన సగం మామూలుగానే ఉంది. విమానం నుండి తీసిన ఆ ఒక్క ఫోటో ఎన్నో ఉపన్యాసాలకు సాటి వచ్చింది.

మన లెక్కలో చెప్పుకుందాం. డి.ఏ.పి. బస్తా మీద 18:46 అని ఉంటుంది. 50 కిలోల బస్తాలో భాస్వరపు ఆక్సైడు 23 కిలోలు, అందులో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. ఒక కిలో భాస్వరానికి దాదాపు 500 కిలోల పచ్చి నాచు పెరగగలదని శాస్త్రజ్ఞుల అంచనా. అంటే ఒక్క బస్తా మొత్తం చెరువులో పడితే 5 టన్నుల నాచుకు సరిపడే మేత అన్నమాట. నిజానికి ఎరువంతా నీటిలోకి పోదు. భాస్వరం మట్టిరేణువులను గట్టిగా పట్టుకొని చేనులోనే చాలాభాగం ఉండిపోతుంది. కాని వాన కొట్టి ఆ మట్టే కొట్టుకొనిపోతే? పైన చెప్పిన పూడిక వెంట వచ్చే సరుకు ఇదే. పూడిక సమస్య, నీటి శుభ్రత సమస్య రెండూ ఒకే వాగులో కొట్టుకొని వస్తాయి.

పెరిగిన నాచు చచ్చి అడుగుకు చేరి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. చేపలు ఊపిరాడక చనిపోతాయి. ఇక్కడ మన ఎండలు కూడా పగవారే. గడ్డకట్టే చలిలో లీటరు నీరు 14.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలదు, 30 డిగ్రీల వేడిలో సుమారు 7.5 మాత్రమే. అనగా యూరపు సరస్సు తట్టుకొనే మురుగును మన సరస్సు తట్టుకోలేదు. శుద్ధిచేసి తాగడానికి పనికివచ్చే నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. పోగొట్టుకోవడానికి మన దగ్గర ఉన్న మిగులు ఎంత తక్కువో దీనివల్ల తెలుస్తుంది.

ఇంతకన్న ప్రమాదం మరొకటున్నది. కొన్ని రకాల నీలి-ఆకుపచ్చ నాచు విషాలను తయారుచేస్తుంది. నీళ్లు కాచినా ఆ విషం పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కనవుతుంది. "కాచి తాగితే సరి" అనే మన ఇంటి వైద్యం ఇక్కడ పనిచేయదు.

పరదేశాల అనుభవం

అమెరికా, కెనడా దేశాల నడుమ ఉన్న మహాసరస్సుల సంగతి ఈ విషయంలో మనకు మంచి పాఠం. 1909లోనే ఆ రెండు దేశాలు సరిహద్దు జలాల ఒడంబడిక చేసుకున్నాయి. ఒకవైపు చేసిన కాలుష్యం రెండవవైపు వారి ఆరోగ్యానికి, ఆస్తికి హాని చేయరాదని అందులో రాసుకున్నాయి. ఇరువైపుల నుండి ముగ్గురేసి సభ్యులతో ఒక ఉమ్మడి కమిషన్ ఏర్పాటుచేశాయి. మాట మంచిదే. ఐనా మాట రాసుకున్నంత మాత్రాన నీరు శుభ్రపడలేదు. 1960లలో ఆ సరస్సుల్లో ఒకటైన ఈరీ నాచుతో నిండిపోయింది, చచ్చిన సరస్సని పత్రికలు రాశాయి. దానిలో కలిసే ఒక నది మీది చమురు తెట్టు 1969లో మండి మంటలు లేచాయి కూడ.

అప్పుడు 1972లో నీటి నాణ్యత కోసమే ప్రత్యేకంగా మరొక ఒప్పందం జరిగింది. దీని గొప్పతనం పొందికైన మాటల్లో లేదు, అంకెల్లో ఉన్నది. పట్టణాల మురుగుశుద్ధి కేంద్రాల నుండి వచ్చే నీటిలో భాస్వరం ఇంతకు మించరాదన్నారు. 1978లో దానిని సవరించి, ఈరీ సరస్సులోకి సంవత్సరానికి మొత్తం 11 వేల టన్నులకు మించి భాస్వరం చేరరాదని లక్ష్యం పెట్టుకున్నారు. సబ్బుల పొడుల్లో భాస్వరం తగ్గించారు. రెండు దేశాలూ ఒకే పద్ధతిలో కొలిచి, ఆ కొలతలను ప్రజల ముందు పెట్టాయి. 1980ల నాటికి ఈరీ తేరుకున్నది.

కథ అక్కడ ముగియలేదు. ఫ్యాక్టరీ గొట్టానికి మూత బిగించడం తేలిక, లక్షల ఎకరాల చేన్ల నుండి కారే ఎరువును ఆపడం కష్టం. తరువాతి కాలంలో ఆ దారినే నాచు తిరిగి వచ్చింది. 2014 ఆగస్టులో ఈరీ ఒడ్డున ఉన్న టొలీడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా జనాన్ని కుళాయి నీరు తాగవద్దని, కాచి కూడా తాగవద్దని హెచ్చరించవలసి వచ్చింది. అంటే శుభ్రత ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకునే ఆస్తి కాదు. అది ఇంటి వాకిలి వంటిది, ప్రతి పొద్దూ ఊడ్చుకోవలసిందే.

జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల నడుమ ఉన్న కాన్‌స్టన్స్ సరస్సుది మరింత ఊరటనిచ్చే ఉదాహరణ. 1959లో అక్కడి ప్రభుత్వాలు ఉమ్మడి కమిషన్ పెట్టుకున్నాయి. 1980 ప్రాంతంలో ఘనపు మీటరు నీటికి 87 మిల్లీగ్రాముల దాకా పోయిన భాస్వరాన్ని తరువాతి దశాబ్దాల్లో 10 కంటె తక్కువకు దించగలిగాయి. నేడు దక్షిణ జర్మనీలో దాదాపు 40 లక్షల మంది ఆ నీరు తాగుతున్నారు. నాలుక మీద భాష వేరైనా, జేబులో నాణెం వేరైనా, నీటి లెక్క ఒకటే పెట్టుకున్నందువల్ల ఇది సాధ్యమైంది.

మన ఒప్పందాలు ఏమి కొలుస్తున్నాయి?

ఇక మన ఇంటికి వద్దాం. గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్ 1969లో బచావత్ అధ్యక్షతన ఏర్పడి 1980లో తుది తీర్పు ఇచ్చింది. నడుమ 1975లో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. పైఠాన్ దిగువన మహారాష్ట్రకు 60 టీఎంసీలన్న మాట అక్కడి నుండే వచ్చింది. తరువాత బాబ్లీ వచ్చింది. శ్రీరాంసాగర్ నీరు నిలిచే జాగాలోనే మహారాష్ట్ర 2.74 టీఎంసీల బ్యారేజీ కట్టడంతో వివాదం 2006లో సుప్రీంకోర్టుకు పోయింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. ఏటా జులై 1 నుండి అక్టోబర్ 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి, ఇదంతా చూడడానికి ముగ్గురు సభ్యుల కమిటీ ఉండాలి అన్నది దాని సారాంశం. 2016లో మహారాష్ట్ర, తెలంగాణల నడుమ మరొక ఒప్పందం జరిగింది. మేడిగడ్డ 100 మీటర్లు, తుమ్మిడిహట్టి 148 మీటర్లు, పెన్‌గంగ మీద చనాక-కొరట 213 మీటర్లు అని అందరి నోళ్లలో నానింది. ఆ మేడిగడ్డ 2019లో ప్రారంభమై, 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగిన తరువాత నీరు నిలుపుకోలేకపోయింది. అది వేరే కథ.

టీఎంసీలు, మీటర్లు, తేదీలు అన్నీ ఉన్నాయి. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అన్న మాట మాత్రం ఈ చర్చల్లో మనకు వినిపించదు.

చట్టాలు లేక కాదు. 1956 నాటి నదీ బోర్డుల చట్టంలో అంతర్రాష్ట్ర నదుల కాలుష్య నివారణను బోర్డుల విధుల్లో చేర్చారు. కాని ఆ చట్టం కింద ఈనాటి వరకు ఒక్క బోర్డు కూడ ఏర్పడలేదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఇరుగుపొరుగు రాష్ట్రాలు కలిసి ఉమ్మడి బోర్డు పెట్టుకోవచ్చు. 16వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర బోర్డుల నడుమ తగాదాలను కేంద్ర మండలి తీర్చవచ్చు. గోదావరి కోసం అట్లాంటి ఉమ్మడి బోర్డు లేదు. ఫలితమేమిటి? కేంద్ర మండలి 2018లో దేశంలో 351 నదీభాగాలు కలుషితమైనవని జాబితా ప్రకటించింది. మహారాష్ట్రవి 53, తెలంగాణవి 8. బాసర నుండి ఖమ్మం వరకు గోదావరి, మన మానేరు రెండూ అందులో ఉన్నాయి.

మనం ఎవరికి ఎగువ?

ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. బాసర దగ్గర నిలబడి పడమటి దిక్కు చూసి "నాందేడ్ మురుగు మాకెందుకు?" అని అడగడం న్యాయమే. కాని తూర్పు దిక్కు కూడ ఒకసారి తిరిగి చూడాలి. కరీంనగర్ మురుగు కాలువలు డ్యాం దిగువన మానేరులో చేరుతాయి. మానేరు మంథని ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల పట్టణాలు, బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రాలు, ఎరువుల కార్ఖానా గోదావరి ఒడ్డునే ఉన్నాయి. కాగజ్‌నగర్ పక్క నుండి పారే పెద్దవాగు ప్రాణహితను చేరుతుంది. ప్రాణహిత అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని సిరొంచ. అక్కడి పల్లెవాసికి మనమే ఎగువ, మనమే పొరుగు రాష్ట్రం. ఇంకా కిందికి పోతే భద్రాచలం, రాజమహేంద్రవరం. అక్కడివారు మనల్ని అదే ప్రశ్న అడిగితే ఏం జవాబిస్తాం?

పైవానికి చెప్పే నీతిని కిందివాని పట్ల మనం పాటించినప్పుడే మన మాటకు బలం. ఉమ్మడి నీటి ధర్మమంతా ఇంతే.

చేయగల పని

పెద్ద బోర్డులు ఏర్పడే దాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ఏటా జులై 1న బాబ్లీ గేట్లు ఎత్తేటప్పుడు రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, కేంద్ర జలసంఘం అధికారులు ఒకే చోట కలుస్తారు. ఎనిమిది నెలలు నిలిచిన నీరు, తొలకరి వరద కడుక్కొచ్చిన మురుగు కిందికి వచ్చే రోజులవి. అక్టోబరులో, మార్చిలో కూడ మళ్లీ అదే కలయిక. ఆ మూడు తేదీల్లో ఇరువురూ కలిసి ఒకే చోట సీసాలలో నీరు పట్టి, ఒకే పద్ధతిలో పరీక్షించి, ఫలితాన్ని ఇటు తెలుగులో, అటు మరాఠీలో ప్రకటిస్తే? దీనికి కొత్త డ్యాం అక్కరలేదు, కొత్త ట్రిబ్యునల్ అక్కరలేదు. కొట్లాటకు ఏర్పడిన కమిటీయే కాపలాకు కూడ పనికివస్తుంది. నమ్మదగిన ఉమ్మడి కొలత ఒకటి ఉంటే, ఎవరి వల్ల చెడింది అన్న వాదులాట సగం తగ్గుతుంది.

రెండవది మన రైతుల సంగతి. భూసార పరీక్ష చేయించి, భాస్వరం నిల్వ ఉన్న చేనుకు డి.ఏ.పి. తగ్గిస్తే రైతుకు డబ్బు మిగులుతుంది, సరస్సుకు నాచు తగ్గుతుంది. వాగు ఒడ్డున పది గజాల గడ్డి వదిలితే మట్టి చాలామట్టుకు అక్కడే ఆగుతుంది. మూడవది పట్టణాల సంగతి. శుద్ధి కాని మురుగు వాగులో కలవరాదన్నది మన మునిసిపాలిటీలను మనం గట్టిగా అడగవలసిన ప్రశ్న.

నాలుగవది మన పని, అంటే విద్యార్థుల పని. నీటిలో ప్రాణవాయువును కొలిచే వింక్లర్ పద్ధతి 1888 నాటిది. బి.ఎస్సీ. రసాయనశాస్త్రం చదివిన ప్రతివారికీ బ్యూరెట్టు పట్టడం వచ్చును. రేకుబిళ్లకు నలుపు తెలుపు రంగులు వేసి తాడు కట్టి నీటిలో దించితే, ఎంత లోతున కనుమరుగైందో చూసి నీటి తేటదనం చెప్పవచ్చు. దీనికి వంద రూపాయలు కూడ ఖర్చుకాదు. బాసరలో ఒక కళాశాల, నిర్మల్‌లో ఒకటి, కరీంనగర్‌లో ఒకటి, మంచిర్యాలలో ఒకటి, వీలైతే నాందేడ్‌లో ఒకటి. నెలకొకసారి ఒకే రోజు కొలిచి ఒకరికొకరు పంపుకుంటే ఐదేళ్లలో గోదావరికి ఒక ఆరోగ్య పత్రం తయారవుతుంది. లాబరేటరీలో రికార్డు పుస్తకం కోసం చేసే ప్రయోగానికి, మన ఇంటి బిందె కోసం చేసే ప్రయోగానికి ఎంత తేడా ఉంటుందో చేసినవారికే తెలుస్తుంది.

అధ్యాపకులు పూనుకుంటే, పూర్వ విద్యార్థులు కొద్ది చేయూతనిస్తే, వచ్చే సంచిక నాటికి ఈ పుటల్లో వ్యాసానికి బదులు పన్నెండు నెలల కొలతల పట్టిక ఒకటి అచ్చువేయవచ్చు. నీటి వాటా కోసం మన పెద్దలు కోర్టులకెక్కి పోరాడారు. ఆ వాటాలో వచ్చే నీరు తాగదగినదిగా ఉంచుకునే పని మన తరానికి మిగిలింది.